పన్‌చక్కి మీదిరాయి

మనవరాలు సుస్మిత బడి నుంచి వస్తూనే సంచీలోంచి ఒక చిన్న గుడ్డమూట తీసి గుర్వమ్మ ఒడిలో పడేసింది.

"అవ్వా, పన్‌చక్కి పిండి! కరెంటు లేదు, ఏం లేదు, వట్టి నీళ్ళతోని తిరుగుతదే. మా సార్లు తోల్కపోయిండ్రు. జొన్నలు నేనే పోసిన, రాయి బొక్కల."

"ఏ బొక్కల పోసినవే?"

"రాయికి నడుమల ఉంటది గద, గుండ్రంగ. గండ్ల పోస్తె సుట్టూత పిండి వడ్తది."

గుర్వమ్మ మూటను ముట్టలేదు. రెండు చేతులూ ఒడికి దూరంగా పెట్టుకుని, ఒంటిమీద తేలు పాకుతున్న మనిషిలాగా కదలకుండా కూర్చుంది. కోడలు వచ్చి మూట తీసుకుపోయిందాకా అట్లాగే ఉంది.

ఆ మాపటికి కోడలు ఆ పిండితోనే రొట్టెలు చేసింది. కొడుకు పరశురాములు ఎప్పుడూ తినేదానికంటే ఇంకొకటి ఎక్కువ తిని, "గిర్నీ పిండికన్న మంచిగున్నదే" అన్నాడు. గుర్వమ్మ కడుపులో బాగాలేదని గొంగడి కప్పుకుంది. ముసలాయన అంజన్న రొట్టె తుంచాడు కానీ నోటి దాకా తీసుకుపోలేదు. తుంచిన ముక్కలన్నీ ఒక్కొక్కటిగా వెనకచేత్తో కుక్కకు వేశాడు. గొంగడి అంచులోంచి గుర్వమ్మ అది చూసింది.

ఆ పిండి విసిరిన రాయి ముప్పై ఏళ్ళకు పైగా వాళ్ళ బిడ్డ బొందమీద ఉన్న రాయి. ఆ సంగతి ఆ ఇంట్లో ముసలివాళ్ళిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. పరశురాములుకైతే తనకంటే ముందు ఒక అక్క పుట్టిందనే తెలియదు.

ఒక ఇంట్లో పుట్టి, మూడేళ్ళు ఆడుకున్న పిల్ల సంగతి అదే ఇంట్లో తెలియకుండా పోతుందా అంటే, పోతుంది. అందుకు గుర్వమ్మ కథ మొదటినుంచీ చెప్పాలి.

ఆమె పుట్టింది అమ్రాబాద్ దిక్కు, నల్లమల అంచున ఉన్న చిన్న పల్లెలో. రాజుల దండ్లకు బాటలున్నట్టు, ఉప్పు వర్తకులకు బాటలున్నట్టు, గొర్లకూ బాటలున్నాయి. వాటిని ఏ పటంలోనూ గీయరు. మాఘమాసం దాటి మెట్టపొలాల్లో గడ్డి ఎండిపోతుంటే కొత్తకోట చుట్టుపక్కల కురుమలు మందలు తోలుకుని పొద్దుపొడుపు దిక్కుకు నడుస్తారు. వాగులు దాటి, గుట్టలు ఎక్కి, అడవి నీడన ఎండాకాలం గడిపి, తొలకరికి వెనక్కి మళ్ళుతారు. పెద్దరోడ్డు వెడల్పయి, లారీలు గాలిలా పోయే కాలం వచ్చాక, ఆ రోడ్డు దాటించడానికి ఇప్పుడు మందకు ఎర్రగుడ్డ పట్టుకున్న మనిషి కావాలి. బాట మాత్రం అదే. అట్లా ఏటా వాళ్ళ పల్లెకు వచ్చే మందల్లో ఒకటి అంజన్న తండ్రిది. గుర్వమ్మ తండ్రి ఒక ఎండాకాలం పిల్లవాణ్ణి చూశాడు, మరుసటి ఎండాకాలం పిల్లనిచ్చాడు. "పుట్టింటికి పోవాలంటె ఏటేటా గొర్లతోని నడ్సుడే నాకు. బస్సు కిరాయి మిగిలింది మా అత్తకు" అని గుర్వమ్మ నవ్వేది. అప్పుడు బాగా నవ్వే మనిషే.

అంజన్నది కొమ్మెరపల్లి. ఆ ఊరి పెద్దచెరువు కింద సంస్థానాల కాలంలో ఎవరో దొరవారు కట్టించిన పన్‌చక్కి ఉండేది. నీళ్ళతో తిరగలి తిప్పడం లోకంలో కొత్త సంగతి కాదు. మంచు కరిగి ఏడాది పొడుగునా వాగులు పారే దేశాల్లో వాగువాగుకూ ఒకటి ఉంటుందట. మన మెట్టదేశంలో, నాలుగు నెలలు వాన, ఎనిమిది నెలలు ఆకాశం వైపు చూపు, నీళ్ళను నమ్ముకుని పిండి విసిరేదెవరు? ఆ దొరవారు ఔరంగాబాద్ పోయి అక్కడి పన్‌చక్కి చూసి మనసు పడ్డాడంటారు. చెరువు తూము నుంచి రాతి కాలువ తీయించి, నీళ్ళు ఎత్తునుంచి దూకి అడ్డంగా పడుకోబెట్టిన చెక్కచక్రాన్ని తిప్పేట్టు, ఆ చక్రం ఇరుసు పైకి వచ్చి పెద్ద తిరగలి మీదిరాయిని తిప్పేట్టు చేయించాడు. చెరువు నిండిన ఏడు నడిచేది, ఎండిన ఏడు పడుకునేది. ఊరికి ఇంజన్ గిర్నీ వచ్చాక అది శాశ్వతంగా పడుకుంది. చెక్కలు పుచ్చిపోయాయి. కిందిరాయి గచ్చులో కూరుకుని ఉండిపోయింది. మీదిరాయి జారి తుమ్మచెట్ల మధ్య పడింది. బండి చక్రమంత రాయి. నడుమ గింజలు పోసే కన్ను.

గుర్వమ్మ మొదటి బిడ్డ బీరమ్మ. బీరి అని పిలిచేవాళ్ళు. కులదైవం బీరప్ప పేరు. మేకపొదుగు కింద దూరి నేరుగా నోటితో పాలు తాగే పిల్ల. మేక కూడా కాలు విదల్చకుండా నిలబడేదట. "గిది నా బిడ్డ గాదు, మేకపిల్ల. మందల కల్సిపోయింది" అనేవాడు అంజన్న.

నల్లమల నుంచి తిరిగివచ్చిన ఒక తొలకరిలో పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అంజన్న గొంగట్లో చుట్టుకుని కొత్తకోట దవాఖానకు బయలుదేరాడు. దారిలో పొంగిన వాగు ఒడ్డున నీళ్ళు తగ్గుతాయని చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళు తగ్గేసరికి ఆయన చేతుల్లో బరువు మారిపోయింది.

గుర్వమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. కడుపుతో ఉన్న మనిషి బొంద చూడకూడదని ఆమెను ఇంట్లోనే కూర్చోబెట్టారు. అంజన్న, ఆయన తమ్ముడు చెరువుకట్ట కింద దొరల బీడులో తవ్వి, అదే గొంగట్లో చుట్టి పెట్టారు. వానకు మన్ను మెత్తగా ఉంది. నక్కలు తవ్వుతాయని అంజన్నకు బుగులు పట్టుకుంది. తుమ్మచెట్ల మధ్య పడిఉన్న పన్‌చక్కి రాయిని ఇద్దరూ గడ్డపారలతో లేపి, నిలబెట్టి, దొర్లించుకుంటూ తెచ్చి మీద పడేశారు. లేపేటప్పుడు గడ్డపార జారి రాయి అంచు అరచేతంత పెచ్చు లేచిపోయింది. ఆ తమ్ముడూ తరవాత పోయాడు. అంజన్న ఆ రోజు వెనక్కి తిరిగాక మళ్ళీ ఆ బీడు దిక్కు పోలేదు. మందను కూడా అటు పోనిచ్చేవాడు కాదు.

మూడోరోజున గుర్వమ్మ ఎవరికీ చెప్పకుండా చెంబుతో మేకపాలు తీసుకుని పోయింది. బొంద ఆమెకు కనిపించలేదు, రాయి కనిపించింది. పాలు రాయి కన్నులో పోసింది. అవి పక్కకు జారలేదు. కన్ను కింది మన్నులోకి గుటకలు పడ్డట్టు చప్పుడు చేస్తూ ఇంకిపోయాయి. ఆమె నిండు కడుపుతో వంగి, చెవి పెట్టి, ఆ చప్పుడు ఆగిందాకా వింది.

పోయిన పసిపిల్ల పేరు ఎత్తితే, కడుపులో ఉన్నది ఆ పిలుపుకు పలుకుతుందని వాళ్ళ ఇళ్ళల్లో భయం. పరశురాములు పుట్టాక ఆ పేరు పూర్తిగా ఆగిపోయింది. బొంద అనే మాట కూడా ఎవరూ అనలేదు. "రాయికాడికి పోయొస్త" అనేది గుర్వమ్మ, అంతే. ఏటా మంద తిరిగివచ్చిన తొలకరిలో ఒకసారి చెంబుతో పాలు తీసుకుపోయి పోసివచ్చేది. పోశాక వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే పిల్ల వెంట వస్తుందంటారు. గుర్వమ్మ ఒక్కనాడూ తిరిగి చూడలేదు. చూడాలని ఉండేదా అని ఆమెను అడిగినవాళ్ళు లేరు.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు కృష్ణ నీళ్ళు కాలువల్లో ఎక్కివచ్చి చెరువులు నింపడం మొదలుపెట్టాయి. ఎండాకాలంలో కూడా కొమ్మెరపల్లి పెద్దచెరువు అలుగు పారడం చూసి ముసలివాళ్ళు కట్టమీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. ఆ నీళ్ళను చూసే పట్నం నుంచి పాతకట్టడాలు బాగుచేసేవాళ్ళు వచ్చారు. వాళ్ళ పెద్ద మంజులత అనే అమ్మాయి. మంచి మనిషి. మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని కాలువ రాళ్ళు కడిగిచూసింది. అన్నీ దొరికాయి కానీ మీదిరాయి దొరకలేదు. వెతుక్కుంటూ బీడులోకి వచ్చి దాన్ని చూసింది. కట్టమీద గొర్లతో నిలబడి ఉన్న అంజన్నను పిలిచింది.

"తాతా, ఇది పన్‌చక్కి రాయేనా?"

అంజన్న కట్ట దిగలేదు. కాదంటే ఆ రాయి మీద అబద్ధమాడినట్టు. ఎందుకున్నదో చెప్పాలంటే బిడ్డ పేరు ఎత్తాలి. ముక్కూమొహం తెలియని మనిషి ముందు.

"పన్‌చక్కిదే తల్లీ."

"మేం తీసుకుపోతే ఎవరికైనా ఇబ్బందా? ఎవరిదైనా పూజ గీజ ఉందా దీనికి?"

"మాదేమున్నదమ్మా" అన్నాడు అంజన్న. అని, గొర్లను అదిలించుకుంటూ పోయాడు. తీసుకుపోరులే, ఇంత బరువు ఎవరు మోస్తారు అనుకున్నాడట. తాము ఇద్దరే గడ్డపారలతో దొర్లించుకు వచ్చామన్నది ఆ గడియలో ఆయనకు గుర్తు రాలేదు.

మర్నాడే మందతో నల్లమల దారి పట్టారు. అడవిలో ఉన్న నెలలన్నీ ఆ మాట ఆయన గొంతులోనే ఉంది. తొలకరికి తిరిగివస్తూ ఊరి పొలిమేరలో చెప్పాడు. గుర్వమ్మ చెంబు తీసుకుని పరుగెత్తింది. బీడు లేదు. ఎవరో పట్నపాయన కొని, డోజర్ పెట్టి చదును చేయించి, ముళ్ళతీగ కట్టించి, గేటుకు తాళం వేశాడు. లోపల మామిడిమొక్కలు వరసలు కట్టి ఉన్నాయి. గుర్వమ్మ తీగ పట్టుకుని చాలాసేపు నిలబడి, పాలు తీగ బయట పారబోసి ఇంటికొచ్చింది.

"రాయి పోతె పోయింది, జాగ నాకెర్కనే. కండ్లు మూస్కోని పోత" అంది మొగుడితో. తరవాత ఏడాదిన్నర దాకా ఆ మాట ఎత్తలేదు. బాగుచేసిన పన్‌చక్కి చూడ్డానికి కొత్తకోట నుంచి, వనపర్తి నుంచి జనం వస్తున్నారని ఊరంతా చెప్పుకున్నా అటు తల తిప్పలేదు.

ఇంటికి పిండిమూట వచ్చిన మరుసటి పొద్దున ఆమె లేచి, మేకను పిండి, నీళ్ళసీసాలో పాలు పోసుకుంది. తల దువ్వుకుని పెట్టెలోని మంచి చీర కట్టుకుంది.

"ఏందే, పెండ్లికి వోతున్నవా?" అన్నాడు అంజన్న, ఆమె చేతిలో సీసా చూసి కూడా.

"నీ మొకానికి ఇంకో పెండ్లా? లే. పన్‌చక్కి చూద్దాం రా."

"నాకు సరిగ కనవడ్తలేదు గదనే, నేనేం జూస్త?"

"అవ్‌తల మనిషికి రాయి జూపిచ్చేటాల్లకు మంచిగనే కనవడ్డది గద. లే అంటున్న."

అంజన్న కర్ర అందుకున్నాడు.

పన్‌చక్కి గదికి కొత్తగా గచ్చు పూశారు, కొత్త చెక్కతలుపులు పెట్టారు. ముందు గడ్డి పెంచారు. దాన్ని నడిపేవాడు అదే ఊరి డానియల్. చిన్నప్పుడు అంజన్న మంద వెంట తిరిగినవాడే. ఇప్పుడు ఖాకీ చొక్కా, మెడలో బిళ్ళ. ఆ వేళకు బెంగళూరు పోతూ కారు ఆపుకున్న ఒక కుటుంబానికి వివరిస్తున్నాడు. మంజులత సంస్థవాళ్ళు రాసిచ్చింది బట్టీ పట్టాడు కాబట్టి వచ్చినవాళ్ళ ముందు వాడి నోట వేరే తెలుగు వస్తుంది.

"సందర్శక మహాశయులారా, ఇప్పుడు మీరు తిలకించబోయేది జలప్రవాహ శక్తిచే పరిభ్రమించు అపురూప యంత్రము..." అంటూ గడపలో నిలబడ్డ ముసలివాళ్ళను చూసి ఆగాడు. "ఓ పెద్దనాయినా! పెద్దమ్మా! గిన్నొద్దులకు మా దిక్కు మబ్బు వట్టిందా? రాండ్రి, రాండ్రి, ముందటికి రాండ్రి."

వాడు మర లాగాడు. గోడ అవతల నీళ్ళు దూకిన చప్పుడు వచ్చింది. కాళ్ళ కింద నేల సన్నగా వణికింది. తరవాత రాయి కదిలింది.

గుర్వమ్మ రాయి అంచునే చూస్తోంది. అరచేతంత పెచ్చు లేచిన చోటు ఆమె ముందుకు వచ్చి, తిరిగి పోయి, మళ్ళీ వచ్చింది. కడిగి, కింది మొహానికి గంట్లు కొట్టించి, మీద ఇనుపపట్టా చుట్టారు. అయినా అదే. ఇన్నేళ్ళూ వానకూ ఎండకూ ఒకేచోట ఒదిగి పడుకున్న రాయి, గిరగిరా తిరుగుతోంది. అంజన్న దానివైపు చూడలేదు. కర్ర రెండు చేతులతో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు.

కారులో వచ్చిన ఆమె తన కొడుకు చేత గుప్పెడు జొన్నలు కన్నులో పోయించింది. పిల్లవాడు కేరింతలు కొట్టాడు. "మమ్మీ, ఇంకోసారి!" చుట్టూ తెల్లటి పిండి రాలింది.

"పెద్దమ్మా, నువ్వు గూడ పొయ్యి" డానియల్ గిన్నె అందించాడు. "ఒక్క పిరికెడు. సిగ్గెందుకు? ఊరోల్లే ముట్టకపోతె ఎట్ల?"

గుర్వమ్మ గిన్నె తీసుకోలేదు. సీసా మూత తీసింది. రాయి దగ్గరకు పోయి కన్నుమీదికి వంగింది. డానియల్ చేయి అడ్డం పెట్టాడు.

"ఏం జేస్తున్నవ్ పెద్దమ్మా? పాలు వోస్తె మొత్తం ముద్దయితది! గంట్లన్ని పూడుకపోతయి!"

"ఆపు" అంది గుర్వమ్మ.

"ఏంది?"

"తిప్పుడు ఆపు బిడ్డా. నీ కాల్మొక్త. దాన్ని తిప్పకు. అది నా పిల్ల మీదిది."

ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆమె నోటివెంట రావడం అదే మొదలు. అన్నాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, కానీ అప్పటికే బయటికి వచ్చింది. డానియల్‌కు అర్థం కాలేదు. అంజన్న వైపు చూశాడు. అంజన్న కర్రతో రాయివైపు చూపించి, తరవాత నేలవైపు చూపించి, తన మోకాలి ఎత్తులో చేయి పెట్టాడు. ఇంత పిల్ల అన్నట్టు.

డానియల్ మర తోసేశాడు. నీళ్ళ చప్పుడు తగ్గింది. రాయి వెంటనే ఆగలేదు. ఇంకాసేపు తిరిగి తిరిగి ఆగింది. కారువాళ్ళు పిల్లవాడి చేయి పట్టుకుని బయటికి నడిచారు. గడపలో ఆ తల్లి ఒకసారి ఆగి, కొడుకు చేతులకు అంటిన పిండిని తన చున్నీతో తుడిచింది.

సంగతి విన్నాక డానియల్ చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటూ మంజులతకు ఫోన్ చేశాడు. ఆమె గొంతు గదంతా వినిపించింది.

"తాతా... నేను అడిగినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే" అంది. "సరే, అది వదిలెయ్యండి. డానియల్, రాయి తిరిగి ఇచ్చేద్దాం. మనం కొత్తది చెక్కించుకుందాం, పై వాళ్ళతో నేను మాట్లాడతాను. అమ్మా, గుర్వమ్మ గారూ, వింటున్నారా? ఆ తోట ఓనరుకు కూడా నేనే చెప్తాను. మీరు స్థలం చూపించండి. ఎక్కడ చూపిస్తే అక్కడ పెట్టిస్తాను."

గుర్వమ్మ ఫోనుకు దండం పెట్టింది. "జాగ నాకెర్కనే తల్లీ" అంది.

డానియల్ తోట కాపలా మనిషిని పిలిచి గేటు తీయించాడు. గుర్తుకు పాతడానికి ఒక చెక్కమేకు పట్టుకున్నాడు. ముగ్గురూ లోపలికి నడిచారు. లోపల నేల పీటలాగా చదునుగా ఉంది. మామిడిమొక్కలు ఎటు చూసినా ఒకే ఎత్తు, ఒకే ఎడం. మొదళ్ళ పక్కన నల్లటి డ్రిప్పు పైపులు. పాత గట్టు లేదు, తంగేడు పొదలు లేవు, వానకాలంలో నీళ్ళు నిలిచే పల్లం లేదు. చెరువుకట్ట కూడా కొత్తమన్ను పోసి ఎత్తు పెంచి, పాత వంకర సరిచేశారు.

గుర్వమ్మ ఎటూ చూడకుండా నడిచింది. కళ్ళు మూసుకుని పోతానన్న మనిషి కదా. కాళ్ళు ఒకచోట ఆగాయి.

"ఇగో, ఈడ" అంది.

వెనక అంజన్న లేడు. దూరంగా తీగ వైపున, ఇంకో వరసలో, కర్ర నేలకు గుచ్చి నిలబడి ఉన్నాడు.

"ఏందయ్యా, గాడ నిలవడ్డవ్? ఇటు రా!"

"నువ్వే ఇటు రా. ఈడ్నే."

"ఏటేటా వచ్చిన మనిషిని, నాకెర్క లేదా?"

"తవ్వింది నేను గాదా? తంగేడు చెట్టు మొదట్ల తవ్విన. కట్ట మల్గిన కాడికి ఎదురుంగ."

"కట్ట యాడ మల్గింది చూపియ్యి! తంగేడు యాడున్నది?"

అంజన్న కళ్ళు చికిలించి కట్ట పొడుగునా చూశాడు. కట్ట ఇప్పుడు ఎక్కడా మళ్ళలేదు. ఒక కొసనుంచి ఇంకో కొస దాకా తిన్నగా పోయింది. ఆయన కర్రను కొద్దిగా జరిపాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు.

"నువ్వు సుత రాయినే జూసినవ్, గుర్వమ్మా. రాయి లేకపోతె నువ్వేమెర్కవడ్తవ్?" కోపంతో అన్న మాట కాదు. ఆయనకూ అప్పుడే తట్టింది.

గుర్వమ్మ కాళ్ళ కింద నేలను చూసుకుంది. ఎర్రమన్ను. పక్కన ఉన్నదీ ఎర్రమన్నే. ఇన్నేళ్ళూ ఆమె నడిచివచ్చింది రాయి కనిపించే దిక్కుకు. కట్టమీద నిలబడగానే నల్లగా అది కనిపించేది, కాళ్ళు వాటంతట అవే పోయేవి. అది కనిపించకపోతే కాళ్ళకేం తెలుసు? తవ్విన మనిషి ఆ ముసురు మాపట వచ్చి, మళ్ళీ ఇటు తిరిగి చూడలేదు.

"సరె తియ్, నీ మాటనే నిజం గావచ్చు" అంటూ అంజన్న కర్ర పీకి ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

"రాకు!" గుర్వమ్మ కేక పెట్టింది. "ఆడ్నే ఉండు! కదిలినవంటె ఆ జాగ గూడ పోతది!"

అంజన్న వేసిన అడుగు వెనక్కి తీసి, కర్ర ఇంతకుముందు గుచ్చిన బెజ్జంలోనే మళ్ళీ గుచ్చాడు.

డానియల్ మేకు పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. "పెద్దమ్మా, ఏ తావుల పాతమంటవ్?"

"వద్దు బిడ్డా. వాపస్ తీస్కపో."

"రాయి తెస్తమన్నరు గద?"

"తెచ్చి యాడ పెడ్తవ్? వట్టి మన్ను మీద పెట్టి, పక్కనున్న దాన్ని ఇడ్సిపెడితె... మా అమ్మకు నా జాగ సుత ఎర్కలేదనుకోదా పిల్ల?" కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆడ్నే ఉండనీ. తిప్పుకోండ్రి. ఫోన్ల మాట్లాడిన ఆ అమ్మకు చెప్పు, గుర్వమ్మకేం కోపం లేదని."

డానియల్ మేకు చంకలో పెట్టుకుని గేటు దాకా పోయి, అటు తిరిగి నిలబడ్డాడు.

గుర్వమ్మ సీసా మూత తీసింది. తాను ఆగినచోట వంగి కొద్దిగా పోసింది. గుటకల చప్పుడు వస్తుందేమోనని చూసింది. పొడిమన్ను పాలను తడి మరకగా మాత్రం చేసుకుంది. ఆమె లేచి, సీసా వంచి పట్టుకుని, సన్నటి ధారగా పోస్తూ అంజన్న నిలబడ్డ దిక్కుకు నడిచింది. ఈ రెండు చోట్ల మధ్య ఎక్కడున్నా అందుతుందని. డ్రిప్పు పైపులు దాటింది. ఒక వరస దాటింది, ఇంకో వరస. అంజన్న కదలకుండా చూస్తున్నాడు. ధార సన్నబడి, చుక్కలైంది. సగం దారిలో చుక్కలు కూడా ఆగాయి. గుర్వమ్మ సీసాను తలకిందులు చేసి దులిపింది.

"అయినయా?" అన్నాడు అంజన్న.

"అయినయి."

"ఇంటికి వోయి ఇంకిన్ని పట్కరా. మేకకు ఉంటయి. నేను ఈడ్నే ఉంట."

"ఎండల నిలవడ్తవా?"

"అప్పుడు వాగుకాడ కూసున్న గద. పో, జల్ది పట్కరా."

గుర్వమ్మ ఖాళీ సీసా కొంగులో కట్టుకుని గేటు వైపు నడిచింది. నాలుగు మొక్కలు దాటిందో లేదో వెనక్కి తిరిగి చూసింది. ఇంకొంత నడిచి మళ్ళీ చూసింది. గేటు దగ్గర డానియల్ పక్కన నిలబడి మళ్ళీ చూసింది. ఇన్నేళ్ళూ ఆ నేలను విడిచి వస్తూ ఒక్కసారి కూడా తల తిప్పని మనిషి, ఇప్పుడు చూపు తిప్పుకుంటే ఆ ఒక్క గుర్తూ పోతుందేమోనని, కట్ట ఎక్కిందాకా వెనక్కి చూస్తూనే నడిచింది. ఒకే ఎత్తున ఉన్న మొక్కల మధ్య ముసలాయన కర్ర మీద రెండు చేతులూ మోపి నిలబడి ఉన్నాడు, తాను పక్కకు తప్పుకుంటే నక్కలు వచ్చి తవ్వుతాయన్నట్టు.